తెల్లవారుజామున దిగితే గది ఎక్కడ? నల్లగొండ, పాలమూరు లాడ్జీలపై ఒక ప్రయాణికుని సమీక్ష

హైదరాబాద్ చేరే రాత్రి బండ్లకు వేళలు పెట్టేటప్పుడు సికింద్రాబాద్‌లోనో కాచిగూడలోనో తెల్లవారేటట్టు పెడతారు. తిరుపతి నుంచి వచ్చే నారాయణాద్రి, చిత్తూరు నుంచి వచ్చే వెంకటాద్రి, మైసూరు నుంచి బెంగళూరు మీదుగా వచ్చే కాచిగూడ ఎక్స్‌ప్రెస్ కొంచెం అటూ ఇటూగా ఇదే లెక్కన నడుస్తాయి. సిటీ బస్సులు, మెట్రో మొదలయ్యే సమయానికి బండి చేరుతుంది కాబట్టి నగరంలో దిగేవారికి ఇబ్బంది లేదు. అయితే నగరానికి సుమారు వంద కిలోమీటర్ల ముందే వచ్చే నల్లగొండ, మహబూబ్‌నగర్ (మా నోట పాలమూరు) స్టేషన్లలో అవే బండ్లు మూడు, నాలుగు గంటల ప్రాంతంలో ఆగుతాయి. ఆ వేళకు పల్లెలకు పోయే బస్సు ఉండదు, టీ కొట్టు తప్ప మరేదీ తెరిచి ఉండదు, ఊళ్లో ఉన్నవాళ్లను లేపి మోటారు సైకిల్ తెమ్మనడానికి మనసొప్పదు. వెళ్లేటప్పటి కథ దీనికి తలకిందులు. సాయంత్రం ఏడు నుంచి పది లోపు వచ్చే బండి కోసం, బస్సులను నమ్ముకున్నవాళ్లు మధ్యాహ్నానికే ఆ పట్టణం చేరి, ఆ ఐదారు గంటలు ఎక్కడో గడపాలి.

మాది దేవరకొండ. మా ఊరికి రైలు లేదు. అక్కయ్య తిరుపతిలో ఉంటుంది కాబట్టి ఆవైపు పోవాలంటే నల్లగొండ వెళ్లి ఎక్కుతాము. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి వాడి దగ్గరికి పోవాలంటే కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా మహబూబ్‌నగర్ చేరుకుంటాము. ఈ విధంగా గత ఐదారు సంవత్సరాలుగా రెండు పట్టణాలలోనూ కొన్ని గంటల విశ్రాంతి కోసం గదులు వెతకడం నాకు తప్పని పని అయింది. దిగిన గదులలో కొన్ని బాగున్నాయి, కొన్ని బాగా లేవు. ఏ లాడ్జి పేరూ ఇక్కడ రాయడం లేదు. కౌంటర్‌లో కూర్చునే మనిషి మారితే లాడ్జి గుణమే మారిపోవడం కళ్లారా చూశాను కాబట్టి, పేరు కంటే ఏ రకం గది మనకు పనికి వస్తుందో చెప్పడమే మేలని అనిపించింది.

ముందుగా నేను మోసపోయిన సంగతి చెబుతాను. మోసపోయానని అనడం కూడా పూర్తిగా సరి కాదు, నా లెక్క తప్పింది. రెండేళ్ల కిందట అమ్మను తీసుకుని తిరుపతి నుంచి తిరిగి వస్తున్నాను. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. నల్లగొండలో తెల్లవారుజామున దిగి, కొంచెం నడుం వాల్చి, స్నానం చేసి, పదకొండు గంటలకు కంటి డాక్టరుకు చూపించుకుని, మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు ఊరికి పోవాలని అనుకున్నాము. ఫోనులోని ఒక యాప్‌లో బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక కొత్త హోటల్‌లో గది బుక్ చేశాను. పన్నెండో తేదీన దిగుతున్నాము కాబట్టి పన్నెండో తేదీ అని పెట్టాను. పదహారు వందల రూపాయలు ముందే కట్టేశాను. మూడు గంటల యాభై నిమిషాలకు ఆ హోటల్ మెట్లెక్కాము. అద్దాల తలుపు వెనుక సోఫాలో పడుకున్న కుర్రవాడు లేచి, కంప్యూటర్ తెరిచి చూసి, చాలా మర్యాదగా, "సార్, మీ బుకింగ్ ఈ రోజుదే, కాని చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకు. ఇప్పుడు కావాలంటే ఎర్లీ చెకిన్ కింద ఎనిమిది వందలు అయితది" అన్నాడు. అంతేకాదు, ఆ ఎనిమిది వందలు కట్టినా మధ్యాహ్నం పన్నెండు దాకా గది వేరు, పన్నెండు తరువాత ఇచ్చే గది వేరు అన్నాడు. అంటే నడుమ సామాను మూటగట్టుకుని ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు మారాలి.

హోటల్ లెక్కలో తేదీ రాత్రి పన్నెండుకు మారదు, పగలు పన్నెండుకు మారుతుంది. పన్నెండో తేదీ తెల్లవారుజామున నాలుగింటికి దిగే మనిషి పదకొండో తేదీ రాత్రికి గది తీసుకోవాలి. అలా తీసుకుంటే పన్నెండో తేదీ ఉదయం పదకొండుకే ఖాళీ చేయమంటారు. మధ్యాహ్నం మూడు దాకా ఉండాలంటే రెండు రోజుల కిరాయి కట్టాలి. పదహారు వందల గదికి ముప్పై రెండు వందలు. పదకొండు గంటల విశ్రాంతికి అంత డబ్బు పెట్టేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉంటారు? విమానాశ్రయాల దగ్గరి హోటళ్లకు పనికొచ్చే పద్ధతిని రైలు స్టేషన్లున్న పట్టణాలకు తెచ్చి పెట్టినందువల్ల వచ్చిన చిక్కు ఇది.

అరగంట ఆ సోఫాలోనే కూర్చున్నాము. ఏసీ చల్లదనానికి అమ్మ చీర కొంగు తల మీదుగా కప్పుకుని, "కొడుకా, గీడ కూసునుడు కంటే బండ్లనే మంచిగుండె" అన్నది. ఆ మాటకు లేచి, పదహారు వందలు పోతే పోయాయని బయటికి వచ్చి, ఆటో అతన్ని అడిగితే, గడియారం సెంటరు దాటిన తరువాత ఒక సందులో ఉన్న పాత లాడ్జికి తీసుకుపోయాడు. నేను ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ లాడ్జి.

బయట బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయి ఉన్నాయి. లోపల చెక్క కౌంటర్, దాని వెనుక గోడకు మేకులు, మేకులకు తాళాలు, ప్రతి తాళానికీ అరచేయి అంత ప్లాస్టిక్ బిళ్ల. బిళ్ల అంత పెద్దది ఎందుకంటే జేబులో వేసుకుని ఎవరూ మరిచిపోయి ఊరికి పోకూడదని. కౌంటర్‌లోని పెద్దమనిషి నిద్రలోనే ఉన్నా విసుక్కోలేదు. ఆధార్ కార్డు చూసి, పొడవాటి రిజిస్టరులో పేరు, ఊరు, వచ్చిన పని, ఎంతమంది అన్నీ రాయించి, చివరి గడిలో "4-35" అని తానే రాశాడు. రాసి, వేలు దాని మీద పెట్టి చూపించి, "ఇగో, నాలుగు ముప్పై ఐదు. రేపు గిదే టైం దాంక రూం మీదే. నడుమల పోతే పైసలు వాపస్ రావు, ముందే చెప్తున్న" అన్నాడు. కిరాయి ఎనిమిది వందలు. ఇరవై నాలుగు గంటల చెక్‌అవుట్ అంటే ఏమిటో అంత స్పష్టంగా అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. గడియారం మనం వచ్చిన నిమిషం నుంచి తిరుగుతుంది. మేము ఉన్నది పది గంటలే, మిగతా పద్నాలుగు గంటలు ఆయనకే వదిలేసి వచ్చాము. అయినా ఇచ్చిన డబ్బు దండుగ అనిపించలేదు.

గది గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రెండు మంచాలు జతచేసి ఒకే పరుపు వేశారు, నడుమ సందు వీపుకు తెలుస్తుంది. దుప్పటి ఉతికినదే, కాని రంగు పోయి ఉంది. గోడకు తల ఆనే చోట కొబ్బరినూనె మరక. ఫ్యాను వేగం తగ్గించే మీట పనిచేయదు, తిరిగితే పూర్తిగా తిరుగుతుంది. కిటికీకి మందపాటి పరదా లేదు, ఆరున్నరకే వెలుతురు ముఖం మీద పడింది. ఇక మంచి వైపు చూస్తే, గది సందు లోపలికి ఉండడం వల్ల బస్సుల మోత లేదు, స్నానాలగదిలో నేల పొడిగా ఉంది, కుళాయి తిప్పగానే నీళ్లు వచ్చాయి, బకెట్ వేడినీళ్లు కుర్రవాడు తలుపు దగ్గరికి తెచ్చి పెట్టాడు. నల్లగొండ అనగానే పాతకాలం వాళ్లకు ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని పేరే స్థిరపడింది. ఆ భయం వల్లనో ఏమో మా అమ్మ ఇప్పటికీ అక్కడి గదిలో తాగడానికి సీసా నీళ్లే అడుగుతుంది.

తిరుపతిలో ఈ చిక్కు ఉండదు. నారాయణాద్రి అక్కడికి ఉదయం పూటే చేరుతుంది, స్టేషన్ ఎదురుగానే దేవస్థానం వారి విష్ణునివాసం, బస్టాండు వైపు శ్రీనివాసం ఉన్నాయి. గది దొరకకపోయినా సామాను లాకరులో పెట్టి, స్నానం చేసి బయటపడవచ్చు. యాత్రికుడు ఏ వేళకు దిగుతాడో తెలిసినవాళ్లు కట్టిన వసతి అది. అలాంటిది మనకు రెండు పట్టణాలలోనూ కావాలి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల స్టేషన్లు స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. పైకప్పులు, లిఫ్టులు, ముఖద్వారాలతో పాటు గంటల లెక్కన ఇచ్చే నాలుగు పడకలు కూడా వాటిలో చేరితే మావంటివారికి అంతకంటే పెద్ద ఉపకారం ఉండదు.

ఇక మహబూబ్‌నగర్. అక్కడ నా అవసరం ఎక్కువగా వెళ్లేటప్పటిదే. బెంగళూరు బండి రాత్రి ఎనిమిది దాటిన తరువాత వస్తుంది, కాని దేవరకొండ నుంచి రెండు బస్సులు మారి రావాలి, ఒక బస్సు తప్పితే బండి తప్పుతుంది. అందుకని పొద్దున్నే బయలుదేరి రెండు గంటలకల్లా పాలమూరు చేరుకుంటాము. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఏడున్నర దాకా గది కావాలి, అంటే ఐదున్నర గంటలు. ఇరవై నాలుగు గంటల లాడ్జి ఇక్కడ అంతగా లాభం కాదు, ఎందుకంటే కొనేది ఒక రోజు, వాడుకునేది పావు రోజు. ఇలాంటప్పుడు అడగవలసిన మాట "ఫ్రెషప్‌కు ఎంత?" అన్నది, అంటే కొన్ని గంటలకే గది ఇస్తే ఎంత అని. బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు, అడిగినవారికే చెబుతారు. వెయ్యి రూపాయల గది ఫ్రెషప్ కింద ఐదు వందలకు, ఒకసారి నాలుగు వందలకు కూడా ఇచ్చారు. ఎక్కువ దినాలు గదులు ఖాళీగా ఉండేవి పగటి పూటే కాబట్టి వాళ్లకూ నష్టం లేదు. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "కొంచెంసేపు గది కావాలి" అంటే కౌంటర్‌లో మనిషి మన ముఖం వైపు ఒక రకంగా చూస్తాడు. టికెట్ చూపించి, "రాత్రి బండికి పోతున్నాము, అప్పటిదాకా పడుకోవాలి" అంటే మాట సాఫీగా నడుస్తుంది.

పాలమూరులో నేను మూడు చోట్ల దిగాను. వాటిలో స్టేషన్‌కు దగ్గర ఉన్న లాడ్జి మీద మొదట ఎంతో ఆశ పెట్టుకున్నాను. సామానుతో నడిచి పోవచ్చు, చివరి నిమిషంలో ఆటో కోసం వెతుక్కునే పని ఉండదు. కాని ఆ గదికి ఉన్న ఒకే కిటికీ రోడ్డు మీదికి తెరుచుకుంటుంది, కింద వెల్డింగ్ షాపు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఇనుము కోసే చప్పుడు. రాత్రి పడుకునేవారికి ఆ గదిలో ఏ లోపమూ కనిపించకపోవచ్చు, ఎందుకంటే రాత్రికి షాపు మూసేస్తారు. లాడ్జీల గురించి ఫోనులో జనం రాసే అభిప్రాయాలన్నీ రాత్రి పడుకున్నవాళ్లవే. పగటి గది చూసేటప్పుడు పగటి చప్పుడు వినాలి. ఇప్పుడు నేను ఏ గది అయినా డబ్బు కట్టే ముందు లోపలికి పోయి, తలుపు మూసి, ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడతాను. కుర్రవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

బస్టాండుకు ఎదురుగా ఉన్న రెండో లాడ్జిలో చప్పుడు వేరే రకం. మైకులో అచ్చంపేట, నాగర్‌కర్నూల్, నారాయణపేట బస్సుల ప్లాట్‌ఫారాలు చెబుతూనే ఉంటారు. చెవికి అలవాటైతే అది జోలపాటలాగానే ఉంటుంది, నాకైతే నిద్ర పట్టింది. అక్కడ ఇబ్బంది వేడినీళ్లది. స్నానాలగది తలుపు మీద "వేడినీళ్లు ఉదయం 6 నుండి 9 వరకు మాత్రమే" అని కాగితం అంటించి ఉంది. పగటి గది తీసుకునేవాడు ఆ మూడు గంటలలో ఎప్పుడూ ఉండడు. ఎండాకాలంలో పట్టింపు లేదు, పైన ట్యాంకులో నీళ్లు వాటంతట అవే కాగి ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలలలో మాత్రం రాత్రి ప్రయాణానికి ముందు చన్నీళ్ల స్నానం చేసి బండెక్కితే తెల్లారేసరికి జలుబు ఖాయం.

మూడో చోటు మెట్టుగడ్డ వైపు ఉన్న కొత్త హోటల్. లిఫ్టు ఉంది, గీజరు ఉంది, పరదా మందంగా ఉంది. ఏసీ వేసుకుని పరదా లాగితే మధ్యాహ్నం మూడింటికి అర్ధరాత్రి అయిపోతుంది. ఫ్రెషప్ అడిగితే ముందు లేదన్నారు, తరువాత మేనేజరు వచ్చి పద్నాలుగు వందల గదిని సాయంత్రం ఏడు దాకా తొమ్మిది వందలకు ఇచ్చాడు. నేను పడుకున్న పగటి గదులన్నింటిలోనూ నిద్రకు ఇదే మేలైనది. అయితే స్టేషన్‌కు ఆటో మాట్లాడుకోవాలి, సాయంత్రం రద్దీలో చేతిలో అరగంట ఉంచుకోవాలి. మా ఆవిడ ఈ గదికే ఓటు వేస్తుంది, నేను ఐదు వందల గదికి వేస్తాను. ఈ విషయంలో మా ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు.

మా ఆవిడ మాట వచ్చింది కాబట్టి ఆమె ఒంటరిగా వెళ్లినప్పటి సంగతి కూడా రాయాలి. కోడలి కాన్పుకు బెంగళూరు బయలుదేరి, మధ్యాహ్నం పాలమూరులో గది అడిగితే ఒక లాడ్జిలో, "మీ వెంట ఎవరున్నారమ్మా? ఒక్కరికి ఇయ్యం" అన్నారు. వయసు యాభై మూడు, చేతిలో ఖాయమైన టికెట్, ఆధార్ కార్డు అన్నీ ఉన్నాయి. నేను ఫోనులో మాట్లాడినా ఒప్పుకోలేదు. ఇది ఆ ఒక్క లాడ్జి తీరు కాదు, ఒంటరి ఆడవాళ్లకు గది ఇస్తే లేనిపోని తలనొప్పి అనే భయం చాలా కౌంటర్లలో ఉంది. ఆధార్‌లో అదే పట్టణం చిరునామా ఉంటే భార్యాభర్తలకు కూడా ఇవ్వమనే చోట్లు ఉన్నాయి. చట్టం ప్రకారం గుర్తింపు కార్డు చూపించి రిజిస్టరులో రాయడమే అవసరం, మిగతా షరతులన్నీ వాళ్లు పెట్టుకున్నవే. ఆమె చివరికి స్టేషన్‌లోని ఆడవాళ్ల వెయిటింగ్ హాలులో ఆరు గంటలు కూర్చుని బండెక్కింది. ఈ కారణంగానే ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణం చేసేటప్పుడు ముందు రోజే ఫోను చేసి, పేరు చెప్పి, "ఒక్కరే వస్తారు" అని స్పష్టంగా అడిగి, సరేనన్న మనిషి పేరు రాసి పెట్టుకోవాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము.

గంటల లెక్కన గదులు ఇచ్చే యాప్‌లు ఇప్పుడు కొన్ని వచ్చాయి. మూడు గంటలు, ఆరు గంటలు, పన్నెండు గంటలు అని విడగొట్టి, మనం చెకిన్ అయ్యే వేళ కూడా మనల్నే ఎంచుకోమంటాయి. ఆలోచన మంచిదే. హైదరాబాద్‌లో రెండుసార్లు వాడాను, చెప్పిన వేళకు గది ఇచ్చారు. కాని నల్లగొండ అని కొట్టి చూసినప్పుడల్లా నాకు కనిపించినవి ఎక్కువగా హైదరాబాద్ శివారు హోటళ్లే. మన పట్టణాలలో యాప్ కంటే స్టేషన్ బయటి ఆటో డ్రైవరే నయం. ఏ లాడ్జిలో గది ఖాళీగా ఉందో, ఏ లాడ్జిలో ఆ రాత్రి పెళ్లివారు దిగారో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లాడ్జి వాళ్లు అతనికి ఎంతో కొంత ఇస్తారు, ఆ సంగతి తెలిసే అడగాలి. ముహూర్తాల రోజులలో, పోటీ పరీక్షల రోజులలో మాత్రం అతని వల్ల కూడా కాదు.

స్టేషన్‌లోని రిటైరింగ్ రూముల గురించి చాలామందికి సగమే తెలుసు. ఐఆర్‌సీటీసీ ద్వారా వాటిని బుక్ చేసుకోవడానికి ఖాయమైన లేక ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్ ఉండాలి. పన్నెండు గంటలకో ఇరవై నాలుగు గంటలకో ఇస్తారు, కొన్ని స్టేషన్లలో గంటల లెక్కన కూడా ఇస్తారు, నలభై ఎనిమిది గంటలకు మించి ఇవ్వరు. అసలు చిక్కు ఏమిటంటే, టికెట్ మీద ఎక్కే స్టేషన్ ఏదో, దిగే స్టేషన్ ఏదో, ఆ రెండు చోట్లనే గది అడగవచ్చు. నల్లగొండ నుంచి తిరుపతికి టికెట్ ఉన్నవాడికి తిరుపతిలో అడిగే హక్కు ఉంటుంది గాని సికింద్రాబాద్‌లో ఉండదు. ఇది తెలిసిన తరువాత బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు నేను ఒక ఉపాయం మొదలుపెట్టాను. పాలమూరుకు బదులు కాచిగూడ దాకా టికెట్ తీసుకుంటాను. మూడున్నరకు లేచి దిగే బాధ తప్పుతుంది, ఇంకో రెండు గంటలు బెర్తు మీదే నిద్ర, కాచిగూడలో గది దొరికితే స్నానం, విశ్రాంతి, ఆ తరువాత మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు పోయి దేవరకొండ బస్సు. దూరం పెరిగినట్టు అనిపిస్తుంది కాని ఒంటికి హాయి. పైగా రైల్వే ఇచ్చే రిటైరింగ్ రూములకు 2024 జూలై నుంచి జీఎస్టీ లేదు. గదులు కొన్నే కాబట్టి ముందుగానే నిండిపోతాయి. టికెట్ ఖాయమైన రోజే గది కూడా చూసుకోవాలి.

మధ్యలో దిగేవారికి ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. రైల్వే ఎంక్వైరీ నంబరు 139కి ఫోను చేసి పీఎన్‌ఆర్ చెప్పి డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకుంటే స్టేషన్ రావడానికి కాస్త ముందుగా ఫోను మోగుతుంది. దాన్ని నమ్ముకుని కూడా నా సొంత అలారం పెట్టుకుంటాను, అది వేరే మాట.

2023లో రెండు వందే భారత్ బండ్లు వచ్చాయి. ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి బండి నల్లగొండలో, సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ బండి మహబూబ్‌నగర్‌లో ఆగుతాయి. పగటి ప్రయాణం కాబట్టి వెళ్లేటప్పుడు నిద్ర చెడదు. కాని పొద్దున్నే అందుకోవాలంటే దేవరకొండ నుంచి రాత్రే వచ్చి పడుకోవాలి, తిరిగి వచ్చేసరికి రాత్రి అవుతుంది, పల్లెల బస్సులు అయిపోయి ఉంటాయి. ఛార్జీ సంగతి సరేసరి. లాడ్జి ఖర్చు తప్పిందా అంటే తప్పలేదు, వేళ మారింది, అంతే.

బిల్లు గురించి ఒక మాట. రోజుకు ఏడున్నర వేల లోపు కిరాయి ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఐదు శాతమే, అంతకుముందు పన్నెండు శాతం ఉండేది. ఆ తరువాత కూడా ఒక చోట నా చేతికి పన్నెండు శాతం బిల్లు వచ్చింది. పద్నాలుగు వందల గదికి నూట అరవై ఎనిమిది రూపాయలు వేశారు, వేయవలసింది డెబ్బై. అడిగితే, "సిస్టంల అట్లనే ఉన్నది సార్" అని తొంభై ఎనిమిది రూపాయలు వాపసు ఇచ్చారు. సంవత్సరానికి ఇరవై లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న లాడ్జీలు జీఎస్టీ రిజిస్ట్రేషనే తీసుకోనవసరం లేదు, అలాంటి చోట పన్ను పేరుతో ఏమైనా అడిగితే బిల్లు మీద జీఎస్టీ నంబరు చూపించమనాలి. ఎనిమిది వందలు తీసుకున్న ఆ నల్లగొండ పెద్దమనిషి చిన్న రసీదు పుస్తకంలోంచి కార్బన్ కాగితం పెట్టి రాసిచ్చాడు, ఎనిమిది వందలకు ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

మార్కులు వేయమంటే నల్లగొండలోని ఆ పాత లాడ్జికి ఐదింటికి నాలుగు వేస్తాను, పాలమూరు కొత్త హోటల్‌కు కూడా నాలుగే. మొదటిదానికి గడియారం లెక్క కోసం, రెండోదానికి నిద్ర కోసం. వెల్డింగ్ షాపు మీది గదికి రెండు, అది కూడా స్టేషన్ దగ్గర ఉన్నందుకే. పదహారు వందలు తీసుకుని అమ్మను సోఫాలో కూర్చోబెట్టిన చోటికి మార్కులు వేయడం లేదు. వాళ్ల నియమం యాప్‌లో అడుగున చిన్న అక్షరాలలో రాసే ఉంది, చదవనిది నేను.

పాత లాడ్జికి ఒక మార్కు తగ్గించింది మెట్ల కోసం. లిఫ్టు లేదు. మొదటిసారి మాకు రెండో అంతస్తు ఇచ్చారు, అమ్మ ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ పెట్టి ఎక్కింది. దిగేటప్పుడు పెద్దమనిషి చూసి, కింద వరండా పక్కన ఒకే ఒక గది ఉందని, ముందు రోజు రాత్రి తొమ్మిది లోపు ఫోను చేస్తే అది ఆపి పెడతానని చెప్పి, రసీదు వెనుక నంబరు రాసిచ్చాడు. అప్పటి నుంచి తిరుపతిలో నారాయణాద్రి ఎక్కగానే అమ్మ అడిగే మొదటి మాట బెర్తు గురించి కాదు, "కింది రూంకు ఫోన్ కొట్టినవా?" అని.